శకుంతలా కథలో పితృత్వ నిర్ణయము

శకుంతలాదుష్యంతుల కథను శృంగారదృష్టితో పరిశీలించుట మనకు పరిపాటి. కాని ఆ కథకు మూలమైన ప్రశ్న న్యాయసంబంధమైనది. ఈ బాలుడెవని కుమారుడు? దానిని నిరూపింపవలసిన భార మెవరిది? అందుకు ఏ సాక్ష్యము చాలును? నన్నయ యాదిపర్వమున చెప్పిన ఉపాఖ్యానమును, కాళిదాసు నాటకమును ఈ ప్రశ్నలతో పోల్చి చూచినచో రెండింటి తారతమ్యము కొంత స్పష్టపడునని మా యభిప్రాయము.

భారతకథలో వివాహము గాంధర్వము. పురోహితుడు లేడు, సాక్షులు లేరు. పుట్టబోవు కుమారునికే రాజ్యము దక్కవలెనని శకుంతల ముందే కోరినది, రాజు సమ్మతించినాడు. ఆ యొడంబడికను ఎరిగినవా రిరువురే. ఆ యిరువురిలో నొకడు నిండుసభలో ఎరుగననినాడు. ఇక మిగిలినది తల్లి మాట యొక్కటే.

శకుంతల వాదము రెండు త్రోవల నడచినది. మొదటిది పోలిక. నిర్మలజలమున తన నీడను చూచుకొన్నట్లు కుమారుని చూచుకొమ్మని వ్యాసుని శకుంతల రాజును కోరును. రెండవది సత్యము. నూతులతో మొదలిడి బావిని, యజ్ఞమును, పుత్రుని మెట్టుమెట్టుగా హెచ్చించి, అన్నిటిపైన సత్యవాక్యమును నిలిపిన నన్నయ పద్యము సుప్రసిద్ధము. దానిని నీతిపద్యముగా విడదీసి చదువుట మన యలవాటు. సందర్భమున నిలిపి చదివినచో అది వాదము. కుమారుని చేపట్టుమని యడుగవచ్చిన తల్లి, నూర్గురు కుమారులకంటె సత్యవాక్యమే మేలనుచున్నది. అనగా ఆమె రాజును యాచించుట లేదు. అతని మాటను విచారణకు నిలుపుచున్నది.

పిదప ఆకాశవాణి తీర్పు చెప్పినది. అప్పుడు రాజు తా నెరిగియు లోకాపవాదభీతిచే ఎరుగనంటినని యొప్పుకొనును. ఈ యొప్పుకోలు ముఖ్యమైనది. సత్యము రాజునకు తెలియనిది కాదు; లోకమునకు తెలియవలసినది. బాలుని భరింపుమని ఆకాశవాణి పలికినందుననే అతనికి భరతుడను పేరు కలిగినదని వ్యాసుడు చెప్పును. అందుచే ఆ పేరే ఆ తీర్పునకు శాశ్వతలేఖనమైనది.

కాళిదాసు ఈ వివాదమును మార్చినాడు. దుర్వాసశాపము రాజును అసత్యదోషమునుండి తప్పించినది. ఐదవ యంకమున పురోహితుడొక యుపాయము చెప్పును: ప్రసవమువరకు ఈమె మా యింట నుండనిండు, శిశువునకు చక్రవర్తిలక్షణము లున్నచో స్వీకరింపుడు, లేనిచో తండ్రికడకు పంపుడు. ఇది పరీక్షయే. తల్లి మాటకు విలువ యిందు లేదు. శిశువు శరీరమే సాక్ష్యపత్రము. ఏడవ యంకమున రక్షాకరండకము రెండవ పరీక్ష. తలిదండ్రులును ఆ బాలుడును తప్ప అన్యులు తాకినచో అది సర్పమై కరచును; దుష్యంతుడు తాకగా కరవలేదు. కాని అప్పటికి రాజు పశ్చాత్తాపముతో పుత్రుని కోరుచున్నవాడే. ప్రతివాది లేని చోట జరిగిన పరీక్ష యిది.

ధీరోదాత్తుడైన నాయకుని కాపాడుటకు శాప మావశ్యకమని కాళిదాసు పక్షమున చెప్పవచ్చును, అది యథార్థమే. అంతియ గాక ఆరవ యంకమున, నౌకాభంగమున మరణించిన ధనమిత్రుని సొత్తు రాజునకు చేరవలసియుండగా, గర్భస్థశిశువునకు పితృధనము చెందునని దుష్యంతునిచే పలికించి కవి న్యాయదృష్టిని చూపినాడు. గర్భవతియైన తన భార్యను త్రోసిపుచ్చిన రాజు నోట ఈ తీర్పు వచ్చుట సామాన్యమైన కల్పన కాదు. అయినను పితృత్వవివాదమును వివాదముగా నడపినది భారతకథయే.

నేటి న్యాయశాస్త్రము కూడ ఈ రెండు త్రోవల నడుమనే నిలిచియున్నది. 1872 నాటి సాక్ష్యశాసనపు 112వ విభాగము, 2024 జూలై 1 నుండి దాని స్థానమున అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమపు 116వ విభాగము చెప్పున దొక్కటే. చెల్లుబాటైన వివాహము కొనసాగుచుండగా గాని, అది రద్దయి తల్లి పునర్వివాహము చేసికొనకుండ 280 దినములలో గాని పుట్టిన శిశువు ఆ భర్త సంతానమే. దంపతులకు కలియు నవకాశము లేకుండెనని నిరూపించిననే అన్యథా. 1969 నాటి శాసనముననుసరించి ఇచ్చు జననపత్రము తెలిపినవారి మాటను నమోదు చేయును. వివాదము వచ్చినపుడు దానంతట నదియే తుదితీర్పు కాదు. ఒంటరితల్లి ప్రమాణపత్ర మిచ్చినచో తండ్రి పేరు లేకయే జననపత్ర మీయవలెనని 2015లో సుప్రీంకోర్టు చెప్పుట తల్లి మాటకు దక్కిన గౌరవము.

డి.ఎన్.ఏ. పరీక్ష నేటి రక్షాకరండకము. 2014లో సుప్రీంకోర్టు ఒక కేసున పరీక్షాఫలితమును శాసనపు ఊహకంటె మిన్నగా గ్రహించినది. 2023లో మాత్రము, దంపతుల కలహమున బిడ్డను పరీక్షావస్తువు చేయరాదని, అట్టి పరీక్షను అలవాటుగా ఆదేశింపరాదని హెచ్చరించినది. ఈ హెచ్చరికలోని వివేకము గమనింపదగినది. పరీక్ష జన్మమును చెప్పగలదు. భరించు బాధ్యతను పుట్టింపలేదు.

ఆకాశవాణి యీ రెండు పనులను ఒక్క వాక్యమున చేసినది. ఇతడు నీ కుమారుడనుటతో ఆగక, భరింపుమని శాసించినది. తల్లి మాట సత్యమని సభ యెదుట ప్రకటించినది. నన్నయ ఉపాఖ్యానపు గొప్పతన మీ మూడింటి కలయికలో నున్నదని, పితృత్వమును గూర్చిన ఏ విచారణకైనను ఇదియే గీటురాయి యని మేము తలంచుచున్నాము.