జతి నుండి ర్యాప్ వరకు: రాజకుమారి గానంలో కూచిపూడి వాచికం

వ్యాససంగ్రహం:
తెలుగు మూలాలు గల అమెరికన్ ర్యాపర్, గాయని రాజకుమారి కళాజీవితాన్ని కృష్ణాతీరపు కూచిపూడి సంప్రదాయం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. భిన్న సంగీత ప్రక్రియలను కలిపే ఆమె పాటలో సంప్రదాయం అలంకారంగా ఉందా, నిర్మాణంగా ఉందా అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న. జతి, ప్రవేశదరువు, ఆహార్యం, భాష అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ పరిశీలన సాగుతుంది.

కీలక పదాలు: రాజకుమారి, ర్యాప్, కూచిపూడి, జతి, ప్రవేశదరువు, వాచికాభినయం, ప్రవాసం.

1. ఉపోద్ఘాతం:
మంగినపూడి తీరానికి చేరువలోని మచిలీపట్నం రేవు శతాబ్దాల పాటు తెలుగు నేల సరుకును సముద్రం దాటించింది. అక్కడి కలంకారీ పనివారు పారశీక, ఐరోపా కొనుగోలుదారుల అభిరుచికి తగిన లతలను, పూలను స్వీకరించారు. కాని అద్దకపు పద్ధతిని వదులుకోలేదు. రూపం మారినా పని విధానం నిలవడం సమ్మేళన కళకు ఒక మంచి కొలమానం. అదే రేవుకు పడమటి దిక్కున ఉన్న మొవ్వ క్షేత్రయ్య పేరుతోను, దాని పొరుగునే ఉన్న కూచిపూడి సిద్ధేంద్రయోగి పేరుతోను ముడిపడి ఉన్నాయి. ఈ డెల్టాలో రూపుదిద్దుకొన్న నాట్యం నేడు కాలిఫోర్నియాలో పుట్టిన ఒక ర్యాపర్ గొంతులోకి చేరింది. అక్కడ ఏది మారింది, ఏది నిలిచింది అన్నది పరిశీలించదగిన విషయం.

2. జీవితరేఖలు:
రాజకుమారి అసలు పేరు యల్లాప్రగడ శ్వేతా రావు. ఆమె 1986 జనవరి 11న కాలిఫోర్నియా రాష్ట్రంలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు తల్లిదండ్రులకు జన్మించారు. బాల్యం నుండి కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నృత్యాలను అభ్యసించారు. బడిలో చదివే వయసులో ఫ్యూజీస్ బృందం వారి ‘ది స్కోర్’ (1996) ద్వారా హిప్‌హాప్ ఆమెకు పరిచయమైంది.

వృత్తిజీవితంలో ఆమెకు మొదట గుర్తింపు తెచ్చింది గానం కాదు, గీతరచన. ఫాల్ అవుట్ బాయ్ బృందం పాడిన ‘సెంచరీస్’ (2014) రచయితల్లో ఆమె ఒకరు. ఆ పాటకు 2016లో బి.ఎమ్.ఐ. పాప్ పురస్కారం లభించింది. అదే సంవత్సరం ‘ది కమ్ అప్’ అనే లఘుసంపుటి వెలువడింది. ముంబయి ర్యాపర్ డివైన్‌తో కలిసి చేసిన ‘సిటీ స్లమ్స్’ (2017) భారతీయ శ్రోతలకు ఆమెను దగ్గర చేసింది. ‘బ్లడ్‌లైన్’ (2019), ‘ఎన్.ఆర్.ఐ.’ (2020), ‘ది బ్రిడ్జ్’ (2023) తరువాతి మజిలీలు. 2019లో ఎమ్‌టీవీ ‘హసిల్’ కార్యక్రమానికి న్యాయనిర్ణేతగా వ్యవహరించారు. ‘జవాన్’ (2023) చిత్రం కోసం అనిరుధ్‌తో కలిసి ఒక ర్యాప్ గీతం చేశారు.

3. జతి - ర్యాప్ నడక:
తన ర్యాప్ నడకకు చిన్ననాడు అభ్యసించిన శాస్త్రీయ లయ ఆధారమని రాజకుమారి పలు సందర్భాల్లో చెప్పుకొన్నారు. ఈ మాటను లక్షణపరంగా పరీక్షించాలి. ఆదితాళానికి ఎనిమిది క్రియలు. హిప్‌హాప్ ఆవర్తనం నాలుగు లెక్కలది. చతురశ్ర గతి రెండింటికీ సహజం కనుక జతులు ర్యాప్‌లో తేలికగా ఇముడుతాయి. ఆ తేలికతనమే ఒక చిక్కును కూడా తెస్తుంది. పాట మధ్యలో నాలుగు సొల్లులు పలికించి దానిని సమ్మేళనమని చెప్పుకోవడం కష్టం కాదు. ఆ సొల్లులను తీసివేస్తే పాట నడక చెడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష.

రాజకుమారి ఉత్తమ రచనలు ఈ పరీక్షకు నిలుస్తాయి. సొల్లులు లేని ఇంగ్లీషు పాదాల్లోనూ ఆమె పలుకు హల్లుల తాకిడి మీద నడుస్తుంది. అర్థం కంటే ముందు అక్షరాల బరువు చెవికి తగులుతుంది. వాక్యం ముగియవలసిన చోట తీర్మానం లాంటి పునరుక్తి వచ్చి లెక్కను సమం మీదికి తెస్తుంది. కూచిపూడి ప్రదర్శనలో నట్టువనారు జతి పలుకుతాడు, పాత్రధారి ఆడుతుంది. ఇక్కడ ఆ రెండు పనులూ ఒకే గొంతులో కలిశాయి. సంప్రదాయం ఇక్కడ నగ కాదు, నడక.

4. ప్రవేశదరువు - స్వోత్కర్ష:
జతి కంటే లోతైన పోలిక పాత్రప్రవేశంలో ఉంది. భామాకలాపంలో సత్యభామ తెర వెనుక నుండి జడను తెరపై వేసి, తానెవరో తానే చెప్పుకొంటూ ప్రవేశిస్తుంది. తన కులశీలాలను, సౌందర్యాన్ని, విద్యను ఉత్తమ పురుషలో చాటుతుంది. ఆ జడ విద్వాంసులకు విసిరిన సవాలని, ఓడినవారు దానిని కోయించుకోవలసి ఉండేదని సంప్రదాయజ్ఞులు చెబుతారు. ర్యాప్‌లోని స్వోత్కర్ష, ఎదిరిని నిలదీసే పోటీ ఈ సంవిధానానికి చాలా దగ్గరివి. రెండింటిలోనూ గర్వం వ్యక్తిగత దోషం కాదు. పాత్రను నిలబెట్టే మర్యాద. ‘రాజకుమారి’ అనే రంగస్థలనామమే ఒక ప్రవేశదరువు.

అయితే భేదం కూడా అంతే ముఖ్యం. కూచిపూడి గ్రామంలో సత్యభామ పాత్రను తరతరాలుగా పురుషులే ధరించారు. వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీవేషం ఆ సంప్రదాయానికి శిఖరం. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి వంటి గురువులు స్త్రీలకు నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించడం ఈ నాట్యాన్ని గ్రామం, వంశం అనే హద్దులు దాటించాయి. ప్రవాసంలోని ఆడపిల్లల అభ్యాసం ఆ మార్పు ఫలితమే. స్త్రీ స్వాతిశయాన్ని పురుషుడు అభినయించిన చోట, ఇప్పుడొక స్త్రీ తన పేరుతో, తన మాటలతో దానిని పలుకుతోంది. సంప్రదాయానికి రాజకుమారి చేర్చిన అసలైన కొత్తదనం ఇదే.

5. ఆహార్యం - పరిమితులు:
ఆమె దృశ్యగీతాల్లో పాపిటబిళ్ల, నుదుటి బొట్టు, బరువైన నగలు తరచుగా కనిపిస్తాయి. వలస కుటుంబపు బిడ్డ వాటిని దాచుకోకుండా ధరించడంలో ధైర్యం ఉంది. కాని ఆహార్యం అర్థాన్ని మోయవలసిన చోట అది చిహ్నాల ప్రదర్శనగా మిగిలిన సందర్భాలూ ఉన్నాయి. ఏ ప్రాంతానికీ చెందని ‘భారతీయత’ ప్రపంచ విపణికి సులభంగా అందుతుంది. తెలుగు నేల ఆనవాలు అందులో కరిగిపోతుంది.

రెండవ పరిమితి అనుభవానికి సంబంధించినది. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని నల్లజాతి, లాటినో యువత అణచివేత నడుమ హిప్‌హాప్‌ను నిర్మించుకొంది. ‘సిటీ స్లమ్స్’లో ముంబయి బస్తీల బతుకు డివైన్ పలుకులో స్వానుభవంగా వినిపిస్తుంది, రాజకుమారి పలుకులో సంఘీభావంగా వినిపిస్తుంది. ఈ రెండింటి బరువు ఒకటి కాదు. దీనికి భిన్నంగా ‘ఎన్.ఆర్.ఐ.’లో రెండు దేశాల్లోనూ పూర్తిగా సొంతం కాలేని స్థితే వస్తువు. అక్కడ ఆమె తన చోటి నుండి మాట్లాడారు. నాలుగు అభినయాల్లో సాత్త్వికం నిండుగా పలికింది ఆ పాటలోనే.

6. భాష:
కూచిపూడిని ఇతర నృత్యాల నుండి వేరుచేసే గుణం వాచికం. పాత్రధారి పాడుతుంది, మాట్లాడుతుంది, వాదిస్తుంది. ఆ మాట తెలుగు. రాజకుమారి ప్రసిద్ధ గీతాల్లో ప్రధాన భాష ఇంగ్లీషు. వాచికపు లయ సముద్రం దాటింది కాని, వాచికపు భాష ఇవతలి ఒడ్డునే ఉండిపోయింది. హైదరాబాదులో రోల్ రైడా వంటివారు తెలుగులో ర్యాప్ చేస్తున్నారు. అక్కడ భాష సొంతం, లయ అరువు. ఇక్కడ లయ సొంతం, భాష వేరు. దీనిని నేరంగా చూడనక్కరలేదు. పుట్టి పెరిగిన దేశపు భాషలో పాడడం ఆమె హక్కు. అయినా తెలుగు సాహిత్య విమర్శ ఈ లోటును గుర్తించక తప్పదు. మొవ్వ పదానికి ప్రాణం దాని మాటలో ఉంది. లయ ఒక్కటే ఆ ప్రాణాన్ని పూర్తిగా మోయలేదు.

7. ముగింపు:
రాజకుమారి పాటలో కూచిపూడి సంప్రదాయం జతిగా, ప్రవేశదరువుగా ఉన్న చోట సజీవంగా ఉంది. వట్టి ఆహార్యంగా ఉన్న చోట పలుచబడింది. కలంకారీ కొలమానంతో చూస్తే ఆమె లతలను మార్చారు, అద్దకంలో ఒక భాగాన్ని నిలుపుకొన్నారు. ప్రవాస తెలుగువారి కళను ‘మనవారి విజయం’గా కీర్తించడంతోనో, ‘కలుషితం’గా తోసిపుచ్చడంతోనో ఆగిపోతే ఈ తేడా కనిపించదు. జతి, దరువు, పదం అనే దేశీయ లక్షణ పరికరాలు ర్యాప్ వంటి నూతన ప్రక్రియల పరిశీలనకూ సమర్థమైనవేనని ఈ అధ్యయనం సూచిస్తుంది. తెర మీద పడిన ఆ జడ సవాలు నేటి తెలుగు ర్యాప్ రచయితలకూ వర్తిస్తుంది: సొంత లయను, సొంత మాటను ఒకే గొంతులో పలికించవలసిన పని ఇంకా మిగిలే ఉంది.