షోలాపురపు నేతవారి పత్రములు

షోలాపురపు తూర్పుభాగమున స్థిరపడిన తెలుగు పద్మశాలీల చరిత్రకు ఆధారము లెవ్వి? 1965లో వెలువడిన ధనంజయ రామచంద్ర గాడ్గిల్ గారి షోలాపుర నగర సాంఘికార్థిక పరిశీలనము విలువైనదే. ఆయన తొలి సంచాలకులుగానుండిన పుణే గోఖలే సంస్థ 1930లో వెలసి, 1993లో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. కాని అట్టి పరిశీలనములు పరిశోధకు డడిగిన ప్రశ్నలకే సమాధానములు. మగ్గము, కూలి, కుటుంబము అందు అంకెలుగా మారును. అప్పు తెచ్చి నూలు కొన్నవాని ఆలోచన, తెలంగాణములోని స్వగ్రామముతో నిలుపుకొన్న బంధము అంకెల కందవు. వానిని ఇంటిపెట్టెలలోని పద్దుపుస్తకములందు, తెలుగు జాబులందు వెదకవలెను. 2004లో షోలాపురముననే విశ్వవిద్యాలయ మేర్పడినది. అచట మరాఠీ, ఆంగ్ల పత్రముల సరసన వీనికిని చోటు కల్పింపవలెను. లేనిచో నేసినవాని చరిత్ర, లెక్కించినవాని చేతివ్రాతలోనే మిగులును.