ఆగ్నేయపు కిటికీ

కృత్తివెన్నులో ఇల్లు కట్టదలచిన మా మేనల్లుడు పటము గీచి యిమ్మని కోరగా, కాగితము చేపట్టకమునుపే నేను పోయి, రెండు వేసవి దినములు ఆ ఖాళీ స్థలమున నిలిచి గాలి రాకపోకలను గమనించితిని. ఒకవంక ఉప్పుటేరు, వేరొకవంక సముద్రము, నడుమ చెరువుగట్లు. కంటికి అడ్డమన్నది లేని పల్లపుసీమ యది. పడమటినుండి కాల్చుకొనివచ్చు వడగాలి, పొద్దు వాటారునప్పటికి ఆగ్నేయపు సముద్రగాలికి దారి విడుచును. ఆ చల్లగాలి చొచ్చుటకొక కిటికీ, వెడలుటకు వాయవ్యమున వేరొకటి, పడమటి యెండను మోయుటకు ఆ వైపున వంటయిల్లు, కొట్టుగది: ఇంతమాత్రమున ఏసీతో అవసరము చాలవరకు తీరును. మే రెండవ వారమునుండి ఆగస్టు తొలినాళ్లవరకు ఇచ్చట మధ్యాహ్నసూర్యుడు నడినెత్తిని దాటి ఒకింత ఉత్తరమునకు ఒరగునని పలువురు మరతురు. ఉత్తరపు గోడకును చూరు కావలెను.

కాని చల్లగాలిని పంపు ఆ సముద్రమే 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచెను. తుపానుగాలి ఒక దిక్కున నిలుచునది కాదు. కన్ను దాటగనే వెనుదిరిగి కొట్టును. మన పూర్వుల చుట్టిల్లు ఈ సంగతి నెరిగి పుట్టినది. గుండ్రని మట్టిగోడకు మూల లేదు గనుక గాలికి పట్టు దొరకదు. తాటాకు కప్పు ఏటవాలుగా దిగి, మనిషి వంగి దూరవలసినంత క్రిందికి చూరు వ్రేలుటచే, గాలి అడుగునుండి చొచ్చి కప్పును లేవనెత్తుట దుష్కరము. ఆ చూరే వేసవిలో గోడకు ఎండ తగులనీయదు. నీటికి మాత్రము చుట్టిల్లు జవాబు కాదు. ఉప్పెనలో మట్టిగోడ కరగిపోవును. అందుచే చెరువు త్రవ్విన మట్టితో మెరక పోసి, కాల్చిన ఇటుకతో కట్టుమంటిని. నాలుగు వాలుల కప్పు వేయుమని, పంచకప్పును దానితో ముడివేయవలదని చెప్పితిని, ఏలయన గాలి పంచను ఊడబెరికినను ఇల్లు దక్కును.

మేనల్లునికి అన్నియు నచ్చినవి, కిటికీ తప్ప. ఆగ్నేయమున గోడనిండ అద్దము కావలెనట, సముద్రము కనబడవలెనట! (అచ్చటినుండి కనబడునవి రొయ్యల చెరువులే.) ముసలి తాపీమేస్త్రి నవ్వి, "పెట్టించుకో బాబూ, దానిమీద టేకు రెక్కలు కూడా పెట్టించు. కార్తీకంలో నిన్ను కాసేవి అవే" అనెను. ఉప్పుగాలికి ఇనుము నిలువదు గనుక ఆ రెక్కలకు ఇత్తడి గడియయే వేయవలెనని, అదియు లోపలివైపున నుండవలెనని పటము అంచున వ్రాసితిని.