అంజలీదేవి: రాక్షసి వేషం నుంచి సీతమ్మ దాకా, వెండితెర నుంచి బుల్లితెర దాకా

పావగడ తాలూకాలో చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో పాఠం కన్నడం. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా చుట్టూ చాలావరకు ఆంధ్ర పొలిమేరే. పౌరాణిక నాటకమంటే ప్రాణమిచ్చే నేల ఇది. హార్మోనియం మాస్టారు శ్రుతి పట్టుకున్నాడంటే తెల్లవారేదాకా పద్యాలు సాగాల్సిందే. ఇలాంటి చోట సీత వేషానికి కొలబద్ద ఒక్కటే: 1963 నాటి 'లవకుశ'లో అంజలీదేవి. ఆమెకు సరితూగే సీత తరవాత రాలేదు. మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఇది.

అయితే సీత ఒక్కటే అంజలీదేవి కాదు. రంగస్థలం మీద మొదలై, స్టూడియోల కాలంలో మహానటి అయి, వయసు మళ్ళాక టీవీకి కూడా పనిచేసిన నటి ఆమె. ఈ మూడు చోట్లా పని ఒకటి కాదు. నాటకంలో ఆఖరి వరసలో చాప పరుచుకుని కూర్చున్నవాడికి కూడా దుఃఖం అందాలి. అందుకే గొంతు పెద్దది, చెయ్యి ఊపు పెద్దది. స్టూడియోలో కెమెరా ఎదురుగా వచ్చి నిలబడుతుంది, చెయ్యి అంత ఊపితే నవ్వులపాలే. టీవీలో చూసేవాడు ఇంట్లో అన్నం తింటూ చూస్తాడు, అక్కడ కనుబొమ్మ కదిలినా ఎక్కువే. ఎక్కడ ఎంత తగ్గించాలో, తగ్గించినా భావం పలచబడకుండా ఎలా నిలపాలో తెలియడమే అసలు విద్య. ఆ విద్యలో అంజలీదేవి ఆరితేరింది.

పెద్దాపురంలో పుట్టి, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడి పాడి ఎదిగిన పిల్ల ఆమె. ఆ నాటకాల దగ్గరే సంగీత దర్శకుడు ఆదినారాయణరావు పరిచయం, ఆపైన పెళ్ళి. చిత్తజల్లు పుల్లయ్య 1947లో 'గొల్లభామ'లో మోహిని వేషం ఇచ్చాడు. 1949లో 'కీలుగుర్రం'లో ఏకంగా రాక్షసి. అందంతో రాజును వలలో వేసుకుని రాణి ప్రాణం మీదికి తెచ్చే ఆ పాత్రను జనం విరగబడి చూశారు. మరుసటి ఏడాది 'పల్లెటూరి పిల్ల'. ఎన్టీఆర్, ఏఎన్నార్ కలిసి నటించిన తొలి సినిమా అది, నాయిక అంజలి.

ఆ తరవాత భార్యాభర్తలు సొంతంగా అంజలీ పిక్చర్స్ పెట్టారు. 'పరదేశి', 'అనార్కలి', 'సువర్ణసుందరి' వరసగా వచ్చాయి. 1957 నాటి 'సువర్ణసుందరి' దర్శకుడు వేదాంతం రాఘవయ్య, కూచిపూడి నుంచి వచ్చినవాడు. అందులో 'హాయి హాయిగా' పాట రాగమాలిక. ఒక రాగం నుంచి ఇంకో రాగంలోకి పాట జారినప్పుడల్లా అంజలి ముఖం చూడాలి. ఆమెకు పాడింది జిక్కి. తెర మీద మాత్రం స్వరం అంజలి గొంతులోంచే పుడుతున్నట్టుంటుంది. పెదవి కలపడం ఎవరికైనా వస్తుంది. ఊపిరి ఎక్కడ తీయాలో, గమకం దగ్గర గొంతు నరం ఎక్కడ కదలాలో తెలిసినవాళ్ళు ఎందరు? అదే సినిమా హిందీలో తీస్తే 'కుహూ కుహూ' అంటూ లతా మంగేష్కర్, రఫీ పాడారు. అక్కడా అదే అంజలి, అదే పట్టు.

ఇక 'లవకుశ'. మోహినిగా చూపించిన పుల్లయ్యే ఆమెను సీతను చేశాడు. 1934లోనే ఒక 'లవకుశ' తీసి జయించిన దర్శకుడాయన. రెండోసారి రంగుల్లో మొదలుపెట్టాడు, ఆరోగ్యం సహకరించకపోతే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశాడు. నిర్మాణం ఏళ్ళ తరబడి సాగింది. అన్నేళ్ళలో కూడా సీత ముఖంలో భావం తెగిపోలేదు. లక్ష్మణుడిగా కాంతారావు ఆమెను అడవిలో వదిలే ఘట్టం గమనించండి. నాటకంలో అక్కడ గుండెలు బాదుకోవాలి. అంజలి ఆ పని చెయ్యదు. నిలువెల్లా దుఃఖమే, కానీ రాజకుమారి నిబ్బరం సడలదు. పామరుడికి ఏడుపు వస్తుంది, పండితుడికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది. పద్నాలుగేళ్ళ ముందు రాక్షసిగా భయపెట్టిన మనిషి ఈమేనంటే నమ్మబుద్ధి కాదు.

స్టూడియోల నుంచి టీవీకి వెళ్ళడం అమెరికాలో చాలా ముందే జరిగింది. ఆర్కేవో స్టూడియోలో జీతానికి నటించిన లుసిల్ బాల్ 1951లో 'ఐ లవ్ లూసీ'తో టీవీకి వచ్చింది. ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి, మూడు కెమెరాలతో ఒకేసారి తీశారు. భర్త దేశీ ఆర్నాజ్‌తో కలిసి పెట్టిన దేశీలు కంపెనీ 1957లో ఆ ఆర్కేవో స్టూడియోనే కొనేసింది. మన దేశంలో బొంబాయి టాకీస్ కాలపు అశోక్ కుమార్ 1984లో దూరదర్శన్ 'హమ్ లోగ్'లో ప్రతి భాగం చివరా వచ్చి ఇంటి పెద్దలా కబుర్లు చెప్పాడు.

తెలుగువాళ్ళకు టీవీ ఆలస్యంగా అందింది. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. అప్పటికి అంజలి 'బడిపంతులు' లాంటి సినిమాల్లో తల్లి పాత్రల దాకా వచ్చేసింది. 1992లో 'బృందావనం'లో బామ్మ. సత్యసాయిబాబా భక్తురాలైన ఆమె టీవీ కోసం 'షిరిడీ సాయి పర్తి సాయి దివ్యకథ' నిర్మించి, తానూ నటించింది. బాబా ఊరైన పుట్టపర్తి పావగడకు పొరుగే. ఏ నేల నాటకాల్లో ఆమె సీత బతికి ఉందో, ఆ నేల పక్కనున్న ఊరి కథనే ఆమె చిన్నతెరకు ఎత్తుకుంది. లూసీ దంపతుల్లాగే సొంత కంపెనీ నడిపిన మనిషి కాబట్టి, ఎవరో పిలిచి వేషం ఇస్తారని ఎదురుచూడలేదు.

అలాగే టీవీకి వచ్చిన నటుడు నూతన్‌ప్రసాద్ ఇంకో తరంవాడు. షూటింగ్ ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిపోయినా, ఈటీవీ 'నేరాలు ఘోరాలు'లో గొంతు ఒక్కటి పెట్టుకుని ఇంటింటినీ హడలెత్తించాడు. నాటకం నేర్పిన గొంతు అది.

మరి ఇవాళ్టి సీరియళ్ళు? అత్తగారు ఒక మాట అంటే ముగ్గురి ముఖాలు, ఒక్కో ముఖానికి మూడు కుదుపులు, వెనక పిడుగుల చప్పుడు. నటి ముఖంలో పలకాల్సిన భావాన్ని ఎడిటింగ్ టేబుల్ మీద కొట్టి లాక్కొస్తున్నారు. రోజుకో భాగం నింపాలి కాబట్టి రిహార్సల్‌కు తీరిక లేదంటారు. తీరిక లేనిచోట నటన ఎక్కడిది? ఈ జాడ్యం పల్లె నాటకానికీ పాకింది. మైకులో సినిమా ట్రాక్ వేసి చేతులూపడాన్ని పద్యమంటున్నారు. ఈలపాట రఘురామయ్య పాడిన భాషలో ఇదా మన గతి? పాత సినిమాలను ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ళు పద్యాలు కత్తిరించి పెడుతున్నారు. ఆ కత్తిరింపు అంజలి మౌనాల మీద కూడా పడుతోంది. ఇది చిన్న అపచారం కాదు.

అడగాల్సింది గట్టిగానే అడగాలి. అంజలీ పిక్చర్స్ సినిమాల నెగెటివ్‌లు, ఆమె సీరియల్ టేపులు ఎవరి దగ్గరున్నా డిజిటల్ చేయించి దాచాలి. గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీకి పుట్టినిల్లు తుమకూరు జిల్లా. అక్కడి కళాసంస్థలు పావగడ తెలుగు నాటకాన్ని పరాయిదిగా చూడకూడదు, ఆంధ్ర సంస్థలు పొరుగు రాష్ట్రం సంగతి మనకెందుకని తప్పుకోకూడదు. సీత వేషం కట్టే ప్రతివారినీ పిలిచి, 'లవకుశ'ను పద్యం తెగకుండా పెద్ద తెర మీద ఒక్కసారైనా చూపించాలి. ఆ ప్రదర్శన పావగడలోనే మొదలవ్వాలి.