రూపధరనామ విచారము

అమెరికాలో 1941లో వెలువడ నారంభించిన ‘వండర్ వుమన్’ బొమ్మలకథ అఫ్రోడైటి, అథీనా యను గ్రీకు దేవతలను వారి పేరులతోనే నిలిపెను. మన ‘చందమామ’ యట్లు చేయలేదు. హోమరు గాథలను బాలురకు సచిత్రముగాఁ జెప్పుచు, ఒడిస్యూసును రూపధరుఁ డనియు, హెలెనును భువనసుందరి యనియు వ్యవహరించినది.

పాలమూరు బడిలో నొక శిష్యుఁడు ‘రూపధారుఁ డనవలదా?’ యని నన్నడిగెను. ‘కర్మణ్యణ్’ సూత్రముచే, సూత్రధార శబ్దమునందువలె, అట్లు ప్రాప్తించుట నిజమే. కాని పచాద్యచ్చుచే ధరశబ్దమును ముందు సాధించి, పిదప షష్ఠీసమాసము చేసినచో, గంగాధరాదులవలె నిదియు సాధువే. పూర్వపు గద్వాల సభలలో నైనచో నీ చర్చ యొక పూటకుఁ జాలెడిది! అర్థమును బొసఁగినది. భిక్షుకవేషమున స్వగృహముఁ జొచ్చిన వీరునకు నింతకంటెఁ దగిన పేరు దొరకదు. భువనసుందరి మాత్రము వట్టి విశేషణము. ఏ నాయికకైనను జెల్లును.

అసలు చిక్కు ఒంటికంటి రక్కసుని గుహలో నున్నది. అందు వీరుఁడు తన పేరు ‘ఊతిస్’ అని చెప్పును; ఆ మాటకు ‘ఎవఁడును గాఁడు’ అని యర్థము. కన్నుపోయిన రక్కసుఁడు ఊతిస్ తన్నుఁ జంపుచున్నాఁ డని యఱవఁగా, తోడివారు వీని నెవఁడును జంపుట లేదని గ్రహించి మరలిపోదురు. గ్రీకున నిషేధము సర్వనామమునందే కలదు. తెలుఁగున నది క్రియను జేరును. కావున నీ శ్లేష మన భాషలో నిలువదు. వేదమునందలి ‘నకిః’ పదము దీనికి సరిపోవును గాని, అది బాలుర కెట్లు తెలియును?