ఇన్‌ఫ్లూయెంజా కాలమును నిర్ణయించునది అక్షాంశమా, వర్షమా?

ఇంగ్లండులోని సైరెన్‌సెస్టరులో వైద్యము చేసిన ఎడ్గార్ హోప్-సింప్సన్ ప్రయోగశాలల మనిషి కాడు, ఇంటింటి రోగులను ఎరిగిన కుటుంబవైద్యుడు. ఆటలమ్మను కలిగించిన వైరస్సే దేహములో దాగియుండి ఏండ్ల తరువాత సర్పిగా బయటపడునని 1965లో సాక్ష్యములతో చూపి మెప్పు పొందెను. 1992లో ఆయన ప్రకటించిన ‘ది ట్రాన్స్‌మిషన్ ఆఫ్ ఎపిడెమిక్ ఇన్‌ఫ్లూయెంజా’ అను గ్రంథము నేటికిని చదువదగినదే. అయితే ఉష్ణమండలమువారు దానిని జాగ్రత్తగా చదువవలెను.

ఆయన వాదమిది: రోగి కోలుకొన్నను వైరస్ అతనియందే నిద్రించుచుండును; సూర్యగమనముతో ముడిపడిన ఋతుప్రేరణ దానిని మేల్కొలుపును; కనుక వ్యాధికాలము అక్షాంశమును బట్టి యుండును. సర్పి విషయమున ఫలించిన ఊహనే ఇచ్చటికిని తెచ్చెనని తోచుచున్నది. ఫ్లూ వైరస్‌కు అట్టి నిద్ర కలదని మాత్రము నిరూపణ కాలేదు.

అక్షాంశము మాట మన దేశములో పరీక్షింతము. 2009-2013 మధ్య పది నగరములలో జరిగిన పరిశీలన 2015లో ప్రచురితమైనది. శ్రీనగరములో జనవరి మొదలు మార్చి వరకు వ్యాధి ముమ్మరము. దానికి ఆరు డిగ్రీలైనను దిగువన లేని ఢిల్లీలో జూలై-సెప్టెంబరు. చెన్నైలో అక్టోబరు, నవంబరు. చెన్నైకంటె దక్షిణమున నున్న ఆలప్పుళలో మరల ఢిల్లీ కాలమే! చెన్నై వానలు ఈశాన్య ఋతుపవనమువి గదా. వ్యాధియు ఆ వానల వెంటనే నడచినది. ఋతుపవనమునకు మూలము సూర్యుడే యని ఆయన పక్షమువారు అనవచ్చును. నిజమే, కాని అప్పుడు కొండలను, సముద్రములను కూడ లెక్కలోనికి తీసికొనవలెను.

ప్రయోగశాలవారి మాటయు మనకు పూర్తిగా సరిపోదు. 2007లో లోవెన్ బృందము గినీపందులపై ప్రయోగించి, చల్లని పొడిగాలిలో వైరస్ బాగుగా వ్యాపించుననియు, 30 డిగ్రీల వేడిలో గాలిద్వారా సోకలేదనియు చూపెను. అంతే అయినచో శ్రావణమాసపు ముసురులో మన పిల్లలకు ఫ్లూ రాకూడదు. మరుసటి ఏటనే ఆ బృందము, ఒకే బోనులో కలిసియున్న జంతువులకు 30 డిగ్రీలవద్దను సోకునని తేల్చెను. తలుపులు బిగించి ఒకే గదిలో పదిమంది చేరు మన ముసురుదినములు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఇది నా ఊహ మాత్రమే.

ఫ్లూ చలికాలపు జబ్బని నేనును తరగతిలో చాలకాలము చెప్పితిని. ఇది మాటవరుస పొరపాటు కాదు. ఉత్తరార్ధగోళపు టీకా కూర్పును ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో సూచించును; ఆ టీకా చలికి ముందు అందును. ఢిల్లీవారు అప్పుడు వేయించుకొన్నచో వానకాలపు ఫ్లూ అప్పటికే వచ్చి పోయియుండును. అందుచేతనే 2015 పరిశీలకులు వానలకు ముందు, ఏప్రిల్-మే నెలలలో టీకా వేయుమనిరి. శ్రీనగరమునకు మాత్రము చలికి ముందు.