రెండు కిరాయిలు

నల్లగొండలో కిరాయి అంటే రెండు. ఇంటికి కట్టేదీ కిరాయే, బస్సుకు ఇచ్చేదీ కిరాయే. పట్టణంలో చిన్న పోర్షన్ తీసుకుని జాకెట్లు కుట్టుకుంటూ బతికే ఒక మనిషి సంసారం ఈ రెండు కిరాయిల నడుమ నడుస్తోంది. ఆమె ఈ కాలమిస్టుకు అక్క వరుస. నెలకోసారి మిషను మీద గుడ్డ కప్పి, మర్రిగూడ వైపు పల్లెలో మంచం పట్టిన పెద్దమ్మ దగ్గరికి వెళ్తుంది. మూడు నాలుగు రోజులుంటుంది. నెలంతా పెద్దమ్మను సాకే చిన్న కోడలికి తల్లిగారింటికి పోయి వచ్చేందుకు దొరికేది ఆ నాలుగు రోజులే.

తిరిగి బయల్దేరే పొద్దున హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పెద్దమ్మ పెద్దకొడుకు ఫోన్‌లో డబ్బులు వేస్తాడు. వెనకే మాట కూడా వస్తుంది: "బస్సు కిరాయికి ఉంచుకో అక్కా."

అది బస్సు కిరాయి కాదని ఇద్దరికీ తెలుసు. నాలుగు రోజులు మిషను ఆగితే పోయే కుట్టుకూలి అందులో ఉంది, ఇంటి కిరాయిలో కొంత ఉంది. కానీ సొంత పెద్దమ్మకు చేసిన పనికి కూలి అంటే నోరు రాదు. బస్సు పేరు చెబితే ఇచ్చేవాడికీ తీసుకునేదానికీ మర్యాద దక్కుతుంది. ఇలా ఏళ్ల తరబడి నడిచింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. కండక్టర్ జీరో టికెట్ చించి చేతిలో పెట్టాడు. ఆ నెల కూడా తమ్ముడు బస్సు కిరాయే పంపాడు. ఆమె నవ్వుకుంది. ఆ తర్వాత చాలా సేపు ఆలోచించింది.

పెద్దమ్మకు వచ్చింది ముసలితనపు జబ్బు కాదు, బోరునీళ్ల జబ్బు, ఫ్లోరోసిస్. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదటిసారి 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో గుర్తించారు. నల్లగొండ పేరు ఆ జబ్బుకు ఎంతగా అతుక్కుపోయిందంటే, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం ఈ జిల్లావాళ్లు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే అభ్యర్థుల సంఖ్య 480కి చేరింది. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ తర్వాత లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. మిషన్ భగీరథ వచ్చాక పల్లె నల్లాల్లో నది నీళ్లు పారుతున్నాయి. పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయి. కానీ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు దశాబ్దాల పాటు తాగిన ఒంట్లో బిగిసిన వెన్ను మళ్లీ సడలదు. నీళ్ల సమస్య తీరిన ఇళ్లలోనూ సాకుడు ఇంకా ముప్పై నలభై ఏళ్లు మిగిలే ఉంటుంది.

ఆ సాకుడుకూ ఓ పనితనం ఉంది. పెద్దమ్మ మెడ తిప్పాలంటే నడుము దాకా తిప్పాలి. చేయి పట్టి లేపితే భుజం పోతుంది. ఒక చేయి భుజం కింద, ఇంకో చేయి తుంటి కింద పెట్టి, దూలాన్ని దొర్లించినట్టు మనిషిని ఒక్క ఊపున పక్కకు తిప్పాలి. కింద నాలుగు మడతలు వేసిన పాత చీర ఉంటే ఆ చీరను లాగాలి, ఒంటిని కాదు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి, బొక్క తేలిన ప్రతి చోటా తోలు ఎర్రబడిందేమో చూడాలి. రాత్రిపూట కూడా ఇదే లెక్క, అందుకే ఆ నాలుగు రోజుల్లో అక్కకు వరసగా రెండు గంటల నిద్ర దొరకదు.

కుట్టుపని చేసే మనిషి కావడం ఇక్కడ కలిసొచ్చింది. చేతులు పైకి లేవని పెద్దమ్మకు జాకెట్ తొడగడం రోజూ ఒక యుద్ధం. పెద్దమ్మ పాత జాకెట్లన్నిటికీ భుజం మీద, చంకల కింద విప్పి అక్క నాడాలు కుట్టింది. ఇప్పుడు జాకెట్‌ను మంచం మీద పరిచి, పెద్దమ్మను దాని మీదికి దొర్లించి, ముడులు వేస్తే సరి. బజారులో ఇలాంటి జాకెట్ కుట్టిస్తే ఎంత తీసుకుంటారని ఎవరైనా అడిగితే ఆమె ఠక్కున చెప్పేస్తుంది. తొడిగినందుకు ఎంత అంటే చెప్పలేదు.

ఇన్ని తిప్పలెందుకు, పెద్దమ్మనే నల్లగొండకు తెచ్చుకోవచ్చు కదా? ఒకసారి అనుకున్నారు. టులెట్ బోర్డులు చూసుకుంటూ నాలుగు వీధులు తిరిగారు. కింది పోర్షన్లలో ఓనర్లే ఉంటారు, కిరాయికిచ్చేది పైది. మెట్లెక్కాలి. బాత్రూం గడప జానెడు ఎత్తు. కమోడ్ కుర్చీ లోపలికి పెడితే తలుపు పడదు. ఇవన్నీ సర్దుకుందామనుకున్న చోట ఓనరమ్మ మంచి మాటగానే చెప్పింది: "ఏమనుకోకు బిడ్డా, రేపు ఆమెకేమన్న అయితే ఎట్ల?" కిరాయి ఇంట్లో పెండ్లికి పందిరి వేయనిస్తారు గానీ, శవాన్ని గడప లోపలికి రానివ్వని ఓనర్లు తెలుగు ఊళ్లలో కొల్లలు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద బతికేవాళ్లు దీని గురించి వాదించరు.  రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికని రాసుకునేవే ఈ పదకొండు నెలలు. దానికి తోడు, పన్నెండో నెలలో పొమ్మనే వీలూ ఓనరు చేతిలో ఉంటుంది.

ప్రభుత్వ ఇళ్ల సంగతి వేరు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సర్కారు గృహ పథకాల్లో 5 శాతం వాళ్లకు కేటాయించాలంటుంది. ఇదే మర్రిగూడ మండలం శివన్నగూడెంలో పుట్టి, ఫ్లోరోసిస్ పోరాటానికి ముఖంగా నిలిచి, 2023 జనవరిలో కన్నుమూసిన అంశల స్వామికి డబుల్ బెడ్రూం ఇల్లు మంజూరైంది. టులెట్ బోర్డుకు మాత్రం అలాంటి వాటా ఏదీ లేదు.

ఆ దివ్యాంగుల చట్టంలోని 24వ సెక్షన్‌ను నల్లగొండ మనిషి చదివితే కాసేపు ఆగిపోతాడు. ప్రభుత్వం చేయాల్సిన పనుల వరసలో సురక్షితమైన తాగునీరు, పింఛను, ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ల కోసం సాకే మనిషికి భత్యం, అన్నీ ఒకే చోట ఉన్నాయి. నీళ్లు వచ్చాయి. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జూలైలో 4,016 రూపాయలైంది. భత్యం దగ్గరికొస్తే రాష్ట్ర ఆసరా పింఛన్ల జాబితాలో గీత కార్మికులు, నేతన్నలు, బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు ఉన్నారు గానీ సాకేవాళ్లకు గడి లేదు. కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో సాకేవాళ్లకు నెలనెలా సాయం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవాళ్లకు భత్యముంది. నెలకు మూడు నాలుగు రోజులు వచ్చిపోయే అక్క ఆ లెక్కలోనూ పడదు.

కూలి లెక్క పెద్దమ్మకు కొత్త కాదు. ఆమె పుట్టిల్లు కల్వకుర్తి వైపు, అంటే పాత పాలమూరు జిల్లా. నడుము పట్టకముందు ఆమె భర్తతో కలిసి మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగి కాలువలు తవ్వింది. ఉపాధి హామీ మొదలైన 2006లోనే అది పాలమూరుకూ నల్లగొండకూ వచ్చింది, ఊళ్లలో దాన్ని కరువు పని అంటారు. 2024-25లో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. మట్టికి గజం లెక్క, గుత్తకు ఒక లెక్క, అడ్వాన్సుకు ఒక లెక్క తెలిసిన నేల అది.

మొన్న జాకెట్ ముడులు వేయించుకుంటూ పెద్దమ్మే అడిగింది. "బస్సు ఫ్రీ అయింది గద బిడ్డా, మరి వాడు దేనికిస్తున్నడు?"

అక్క జవాబు చెప్పలేదు. పెద్దమ్మ ఫోన్ చేయించింది, స్పీకర్ పెట్టించింది. "కరువు పనికి పోతె పొద్దుగూకేసరికి ఇంటికొస్తం. ఇది రాత్రి గూడ పనే. మేస్త్రీతోటి గిట్లనే కొట్లాడేదాన్ని. ఎంతిస్తవో చెప్పు కొడుకా."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "నువ్వే చెప్పవ్వా" అన్నాడు. పెద్దమ్మ తల తిప్పలేదు కాబట్టి కళ్లు మాత్రం అక్క వైపు తిప్పింది. అక్క సంచిలోంచి కొలతల పుస్తకం తీసి, చివరి పేజీలో రాసింది: పగళ్లు 4, రాత్రులు 3. పక్కన రేటు రాయకుండానే ఫొటో తీసి పంపింది.

మరునాడు నల్లగొండ బస్టాండులో దిగేసరికి డబ్బులు పడ్డాయి. ఎప్పటికన్నా వెయ్యి ఎక్కువ. దేనికో రాసే చోట తమ్ముడు ఎప్పుడూ బస్సు కిరాయి అని కొట్టేవాడు. ఈసారి అక్కడ ఏమీ రాయలేదు.